వేళచ్చేరిలో 11 ఏళ్ళు ఉన్నా ఇంకా బయటి ఊరోళ్ళమేనా?

రాపూరు_నిమ్మచెట్టు
మొన్న ఆదివారం మా అపార్టుమెంటులో నీళ్ళ మీటింగు. చెన్నైలో వేళచ్చేరి, 24 ఫ్లాట్ల బిల్డింగు మాది. బోరు అడుగంటింది, రోజుకు రెండు లారీలు తోలించుకోవాల్సి వస్తోంది. ఆ డబ్బులు ఎట్లా పంచుకోవాలనేదే మాట. ఫ్లాటుకింత అని వేసుకుందామని నేనన్నాను. రెండో అంతస్తులో ఒక పెద్దాయన ఉన్నారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, మైలాపూరులో పుట్టి పెరిగిన మనిషి. ఆయన లేచి, నా వైపు చూడకుండా సెక్రటరీ వైపు తిరిగి "వెలియూర్ ఆళుంగ వందదాల తాన్ తన్ని పత్తలె" అన్నారు. బయటి ఊరోళ్ళు వచ్చిపడబట్టే నీళ్ళు చాలడం లేదంట.

పదకొండేళ్ళయింది నేనొచ్చి. ఫ్లాటు నా పేరు మీదే ఉంది, దాని అప్పూ నా నెత్తి మీదే ఉంది. పాప పుట్టింది ఇక్కడే, నా తమిళంలో తప్పులు దిద్దుతుంది. ఇంకా ఎన్నేళ్ళుంటే ఈ ఊరోణ్ణి అవుతాను?

అసలు మంట ఎక్కడంటే, మాది రాపూరు పక్కన పల్లె. మిద్దెక్కితే కండలేరు కట్ట కనబడుతుంది. అక్కడి నుంచే కాలవ తవ్వి మద్రాసు కోసం పూండి రిజర్వాయరుకి నీళ్ళు పంపేది. మా నాన్న చేలో ఎకరా పైచిలుకు ఆ కాలవలోనే పోయింది. ‘అయ్యా, మీరు పొద్దున మొహం కడిగింది మా చేలో పారిన నీళ్ళతో’ అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంత పొడుగు మాట తమిళంలో కూడబలుక్కునేలోపల మీటింగు అయిపోయింది, బిస్కెట్లు పంచేశారు.

మీలో బయట ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇట్లాంటివి జరిగాయా? అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు మనల్ని నిజంగా ఏమనుకుంటారు?

కావలి_కెరటం
బిస్కెట్లు తిన్నావా లేదా, అది చెప్పు ముందు.

రాపూరు_నిమ్మచెట్టు
తిన్నా. రెండు.

సూళ్ళూరుపేట_సీజన్‌పాస్
నువ్వు నయం అన్నా, అక్కడ ఇల్లన్నా కొన్నావు. నేను రోజూ సూళ్ళూరుపేటలో లోకలెక్కి మద్రాసు పోయి రాత్రికి ఇంటికొస్తా. నేను ఏ ఊరోణ్ణో మా ఆవిడకే అనుమానం. బండి బయల్దేరేది మా దగ్గరే కాబట్టి పొద్దున కిటికీ సీట్లన్నీ మావే. గుమ్మిడిపూండిలో, పొన్నేరిలో ఎక్కేవాళ్ళు మమ్మల్ని చూసే చూపు ఉంటుందే, వాళ్ళింటి అరుగు మీద మేం పడుకున్నట్టు! ఒకాయన రోజూ ‘ఈ బండిని ఆంధ్రా దాకా ఎందుకు పంపిస్తారో’ అని సణుగుతాడు. సాయంత్రం బండి అటునుంచి వస్తుంది కదా, అప్పుడు ఆయనకి కిటికీ, నాకు కమ్మీ. నన్ను చూసి నవ్వుతాడు. ఎనిమిదేళ్ళయింది. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు.

మద్రాసు_మూడోతరం
నేను రెండో పక్క మనిషిని కాబట్టి రెండు ముక్కలు చెప్పనివ్వండి. మా తాత అల్లూరు నుంచి మద్రాసు వచ్చాడు, స్వాతంత్ర్యానికి ముందే. నేను పుట్టి పెరిగింది పెరంబూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

ముందు నీళ్ళ సంగతి. నిమ్మచెట్టు గారూ, కండలేరు నీళ్ళు పూండిలో దిగి పుళల్ వైపు పోతాయి. వేళచ్చేరి వైపు మెట్రో వాటర్ వాళ్ళిచ్చేది ఎక్కువగా నెమ్మేలిలో ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్ళు, 2013 నుంచి. లారీలో వచ్చేది ఏ పల్లెలో ఎవరి బావి నీళ్ళో ఆ డ్రైవరుకే తెలియాలి. కాబట్టి ఆ పెద్దాయన మొహం కడిగింది మీ నాన్న చేలో నీళ్ళతో కాదు. మీటింగులో ఆ మాట అనలేదు, అదృష్టం. బ్యాంకు మనిషి, అక్కడే లెక్క తీసి ఉండేవాడు.

ఇక మేమేమనుకుంటామంటే, నిజం చెప్తాను, తిట్టుకోకండి. వేళచ్చేరిలో ఏరి ఉంది, అంటే చెరువు. పక్కనే పళ్ళికరణై చిత్తడి. మా నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని అటు తీసుకెళ్తే కొంగలు తప్ప మనిషి కనబడేవాడు కాదు. 2015 డిసెంబరు వానలకి అక్కడ ఇళ్ళు మునిగితే కొత్తగా వచ్చినవాళ్ళంతా ‘ఇదేం ఊరండీ’ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నీళ్ళు వాటి ఇంటికి అవి వచ్చాయి. మీరు కొన్నది చెరువు. అమ్మినవాడు మాత్రం మా ఊరివాడే, అది ఒప్పుకుంటా.

రాపూరు_నిమ్మచెట్టు
నెమ్మేలి సంగతి నాకు తెలియదు. పరువు దక్కింది.

సోమశిల_లష్కరు
కండలేరు నీళ్ళు రాపూరువి అంటే ఊరుకోను. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కాలంలో కుదిరిన ఒప్పందం అది. కృష్ణా నీళ్ళు ఏడాదికి 15 టీఎంసీలు, దారిలో ఆవిరైపోయేది 3 తీసేస్తే మద్రాసుకి 12. పూండికి మొదటి నీళ్ళు చేరేసరికి 1996 అయింది. శ్రీశైలంలో బయల్దేరి, మా సోమశిలలో ఆగి, కండలేరులో ఒక రాత్రి పడుకుని పోతాయి. కండలేరుకే అవి బయటి ఊరి నీళ్ళు.

కావలి_కెరటం
నిమ్మచెట్టన్నకి ఇప్పుడు చెయ్యి కడుక్కోడానికి కూడా నీళ్ళు మిగల్లేదు.

బుచ్చి_బంగారం
బెంగళూరు మారతహళ్ళిలో నాలుగేళ్ళున్నా. ఆటో ఎక్కగానే ‘కన్నడ గొత్తా’ అని అడుగుతారు. ‘స్వల్ప స్వల్ప’ అన్నానంటే సగం కోపం దిగిపోతుంది. భాష రాకపోవడం కంటే, రాదని దర్జాగా చెప్పడం వాళ్ళకి ఎక్కువ మంట. అది న్యాయమే అనిపిస్తుంది నాకు.

నాకు అర్థం కానిదల్లా మా ఓనరమ్మ. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ముత్తాతల కాలం నుంచి ఆ ఊరేనంట, ఇప్పుడు హాస్టళ్ళున్న చోట వాళ్ళకి రాగి చేలు ఉండేవంట. నేను సంబరపడి ‘ఆంటీ, మీరూ మనవాళ్ళే’ అంటే మొహం మాడ్చుకుని ‘మేము ఈ ఊరోళ్ళమమ్మా, మీరు ఆంధ్రావాళ్ళు’ అనింది. తెలుగులోనే అనింది!

ఒక ఆదివారం అమ్మ పంపిన ఎండు చేపలు, నెత్తళ్ళు వేయించా. పది నిమిషాల్లో ఆమె పైనుంచి దిగొచ్చి ‘రూములో ఎలకేమన్నా చచ్చిందేమో చూడమ్మా’ అనింది. పెనం మంచం కిందకి తోసి, ఆమెతో కలిసి అరగంట ఎలకని వెతికా.

కావలి_కెరటం
నెత్తళ్ళని మంచం కిందకి తోస్తావా? సముద్రం క్షమించదు.

ఒంగోలు_గిత్త_77
మద్రాసులో మనల్ని ‘గొల్టీ’ అంటారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? తెలుగుని తిరగేసి పిలిచే పేరు. మా ఆఫీసులో ఒకడు నవ్వుతూనే అనేవాడు. నవ్వుతూ అన్నా తిట్టు తిట్టే.

గూడూరు_టీచరమ్మ
మనం ఇంట్లో ‘అరవోళ్ళు’ అని ఏ గొంతుతో అంటామో కూడా చెప్పు నాయనా. డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టుందని వాళ్ళ భాషని వెక్కిరించని నెల్లూరు ఇల్లు నాకు ఒక్కటి చూపించు.

మా చెల్లెలు మద్రాసు కొళత్తూరులో ఇరవై ఏళ్ళుగా ఉంది. ఇప్పటికీ బస్సు బోర్డు చదవలేదు, నంబరు చూసి ఎక్కుతుంది. ఎదురింటామె పేరు తెలియదు, కావలి చుట్టాల ఫోన్ నంబర్లు మాత్రం నోటికి వచ్చు. కార్తీక మాసం వస్తే వనభోజనాలు, అదీ మళ్ళీ ఎవరి కులం వాళ్ళవి వేరే. ఊరు మారినా ఊళ్ళో గోడలు వెంట తీసుకుపోతాం. చుట్టుపక్కలవాళ్ళకి మనం కనబడేది బస్సుల్లో, హోటళ్ళలో, రిజిస్ట్రారు ఆఫీసులో. ఇక వాళ్ళేమనుకోవాలి?

ఒంగోలు_గిత్త_77
టీచరమ్మా, మీరు ఎప్పుడూ అవతలి పక్షమే.

గూడూరు_టీచరమ్మ
ముప్పై ఏళ్ళు తల్లిదండ్రుల మీటింగులు నడిపాను. అలవాటైపోయింది.

ట్రంకురోడ్డు_తాతయ్య
వయసు 74. నెల్లూరు దాటి ఎక్కడా కాపురం పెట్టలేదు, కాబట్టి మీ బాధలు నాకు లేవు. కానీ మద్రాసులో మనం బయటోళ్ళం అనే మాట నాకు మింగుడుపడదు. 1953 దాకా మనది మద్రాసు రాష్ట్రమే కదయ్యా. కోర్టు పనికి, పెళ్ళి చీరలకి, కంటి ఆపరేషనుకి, సినిమాలో వేషానికి, అన్నిటికీ మద్రాసే. ఊరి పేరు చెన్నై అయింది 1996లో. మా నెల్లూర్లో మద్రాసు బస్టాండు ఇప్పటికీ మద్రాసు బస్టాండే. ఆ చెన్నై అనే పేరు కూడా చెన్నప్ప నాయకుడిదే అంటారు, 1639లో ఇంగ్లీషోళ్ళకి ఆ జాగా ఇచ్చింది ఆయన కొడుకులు. టీ నగర్‌లో టీ ఏంటనుకున్నారు? పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగాయన. పానగల్ పార్కు పేరు పానగల్లు రాజాది, ఆయనా తెలుగాయనే. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952లో ప్రాణం వదిలింది మైలాపూరులో. మీ బ్యాంకాయన ఊరే!

ఒంగోలు_గిత్త_77
తాతా, శ్రీరాములు గారు పుట్టిందీ మద్రాసులోనే. 1901, జార్జిటౌన్. పెద్దల ఊరు మా వైపు కనిగిరి దగ్గర పడమటిపల్లి. ఇప్పుడు చెప్పండి, ఆయన మద్రాసువాడా, వలసొచ్చినవాడా?

ట్రంకురోడ్డు_తాతయ్య
మన జిల్లావాడు. జిల్లాకి పేరు కూడా పెట్టుకున్నాం.

ఒంగోలు_గిత్త_77
కనిగిరి మాది కదా!

కందుకూరు_గందరగోళం
అప్పుడు కనిగిరీ నెల్లూరు జిల్లాలోనే ఉండేది సామీ. మా కందుకూరూ అంతే. 1970లో ఒంగోలు జిల్లా కొత్తగా పెడితే మమ్మల్ని అందులో కలిపారు. 2022లో మళ్ళీ తీసుకొచ్చి నెల్లూరుకిచ్చారు. అదే ఇల్లు, అదే వేపచెట్టు. ఇంట్లో కూర్చునే వలస పోయినవాళ్ళం మేము, మాకు ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టండి.

మోడరేటర్
జిల్లాల గొడవకి వేరే చర్చ ఉంది. ఇక్కడ వద్దు.

ట్రంకురోడ్డు_తాతయ్య
అది సరే. అసలు పాడైంది మన నెల్లూరే. ఒకప్పుడు గాంధీబొమ్మ దగ్గర నిలబడితే పోయే ప్రతి మనిషీ పలకరించేవాడు. ఇప్పుడు ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చి పడ్డారు. బండి ఎక్కడ బడితే అక్కడ ఆపుతారు, మినీ బైపాస్ అంతా వాళ్ళ కొట్లే. ఎవరు ఎవరో తెలియడం లేదు.

ఉదయగిరి_సజ్జరొట్టె
వచ్చిందండీ వేళచ్చేరి పెద్దాయన గొంతు! తెలుగులో వచ్చింది.

నేను 1998లో ఇంటర్ చదవడానికి నెల్లూరు వచ్చి హాస్టల్లో చేరా. నన్ను ‘మెట్టోడు’ అని పిలిచేవాళ్ళు. నా అసలు పేరు రెండో సంవత్సరం దాకా సగంమందికి తెలియదు. డెల్టా పిల్లలకి మేమంటే నీళ్ళు చూడని జనం. ఒకసారి మా అమ్మ సజ్జరొట్టెలు కట్టిచ్చింది. ఒక కోవూరు కుర్రోడు రొట్టె తీసుకుని గోడకేసి కొట్టి ‘చూడండ్రా, విరగలా’ అన్నాడు. గదంతా నవ్వారు. నేనూ నవ్వా, ఏం చేస్తాం. రాత్రి ఆ రొట్టె ఏరుకుని, దుమ్ము దులిపి తిన్నా. మా అమ్మ తెల్లారుజామున లేచి కొట్టింది కదా.

ఇప్పుడు ఆ కుర్రోడికి షుగరు. మంచి సజ్జలు ఎక్కడ దొరుకుతాయని నెలకోసారి నాకు ఫోన్ చేస్తాడు. పంపిస్తున్నా.

ట్రంకురోడ్డు_తాతయ్య
నువ్వు చదువు కోసం వచ్చావు నాయనా, అది వేరు.

ఉదయగిరి_సజ్జరొట్టె
ఎవరికి వాళ్ళది వేరేనండీ. మీ నాన్నగారిది ఏ ఊరు, ఏమీ అనుకోకపోతే?

ట్రంకురోడ్డు_తాతయ్య
మేము మూలాపేట. కోనేటి దగ్గర ఇల్లు.

ఉదయగిరి_సజ్జరొట్టె
అంతకు ముందు?

ట్రంకురోడ్డు_తాతయ్య
ఆత్మకూరు పక్కన. మా నాయన గుమాస్తా పనికి వచ్చాడు. మా అమ్మ చెప్పేది, ఆయన వచ్చిన కొత్తల్లో వీధిలో అద్దెకి ఇల్లివ్వలేదని.

కావలి_కెరటం
తాతయ్యా, మీరు ఇప్పుడు బిస్కెట్ తీసుకోండి.

కోటమిట్ట_అత్తరు
తాతయ్యని ఒక్కణ్ణే అనకండి. రొట్టెల పండగకి బారాషహీద్ దర్గాకి లక్షలమంది వస్తే, స్వర్ణాల చెరువు దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతిలో రొట్టె పెడతాం. అదే మనిషి మర్నాడు ఇల్లు అద్దెకి అడిగితే ‘ఎవరు, ఏ వీధి, ఎవరి తాలూకు’ మొదలు. మా నాన్న కూడా అంతే. అతిథి వేరు, కాపురం ఉండేవాడు వేరు అంటాడు.

నాంపల్లి_అల్లుడు
నేను హైదరాబాదోన్ని. మా తాతల కాలం సంది నాంపల్లి. అత్తగారిది కావలి, ఆ పుణ్యాన ఈడికొచ్చిన. మద్రాసాయన చెరువు ముచ్చట చెప్పిండు, మా కాడ గూడ గదే కథ. కానీ నాకు అసలు కోపం జాగ కాడ లేదు, నాలుక కాడ ఉన్నది. బడిల సారు కోస్తాయన. ‘గట్ల’ అంటే ‘అలా అనాలి’ అని ముక్కుల కెళ్ళి ఇకిలించేటోడు. మా ఊర్లె, మా బడిల, మా మాటే తప్పు! సినిమాల మా భాష ఎవరికి పెట్టిన్రు? రౌడీకి, కమెడియన్‌కి. హీరో మీ లెక్క మాట్లాడేటోడు. నా పెండ్లిల మా మామ ఎవరికో చెప్తుండు, ‘అల్లుడు బంగారం, భాషే కొంచెం మోటు’ అని. నేను ఇనలేదనుకున్నడు. పదిహేనేండ్లాయె, యాదికున్నది.

ఇప్పుడు మస్తు మారింది లెండి. హీరోలే గట్ల మాట్లాడ్తున్రు. మామ గూడ ఫోన్ల ‘మంచిగున్నవా’ అంటుండు. జర ఆలస్యమైంది గంతే.

ఇగ సంక్రాంతి ముచ్చట చెప్త. మీరంత ఊర్లకు పోతుంటే పంతంగి టోల్‌గేట్ కాడ కార్ల బారు టీవీల చూసుకుంట మేం చాయ్ తాగుతం. మొదటి రోజు రోడ్లు ఖాళీ, పానం హాయి. రెండో రోజు టిఫిన్ బండి ఉండదు, ఇస్త్రీ ఆయన ఉండడు. మా బిల్డింగ్ వాచ్‌మన్‌ది ప్రకాశం జిల్లా, ఆయన గూడ పోతడు. మోటర్ ఎట్ల ఏస్తరో పన్నెండు ఇండ్లల్ల ఒక్కనికి తెల్వదు. మూడో రోజు నేనే ఫోన్ చేసి ‘ఎప్పుడొస్తున్రు’ అంట.

కావలి_కెరటం
కావలి అల్లుడన్నమాట! మాకు బావగారు. మర్యాదలో లోటు జరిగితే చెప్పండి, మామయ్య మీద చర్య తీసుకుంటాం.

గూడూరు_టీచరమ్మ
ఆ సారు తరఫున నేను సిగ్గుపడుతున్నా బాబూ. నేనూ ‘యాడ’ అన్న పిల్లల్ని ‘ఎక్కడ అనాలి’ అని దిద్దినదాన్నే. ఇంటికొచ్చి నేను మాట్లాడేది మాత్రం ‘యాడ’నే.

కనిగిరి_మేస్త్రీ
ఆ వాచ్‌మన్ మా వైపోడే అయ్యుంటాడు.

మీరంతా ఫ్లాట్లలో ఉండేవాళ్ళు. నేను వాటిని కట్టేవాణ్ణి, నా పక్క నుంచి చెప్తా. మా దగ్గర వానలు తక్కువ, బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పది తప్పగానే హైదరాబాదు బస్సెక్కినవాళ్ళమే మా ఈడువాళ్ళమంతా. మమ్మల్ని ఊరోళ్ళు ఏమనుకుంటారో నాకు తెలియదు, మమ్మల్ని చూస్తేగా ఏదన్నా అనుకోడానికి.

కూకట్‌పల్లి వైపు ఒక ఐదంతస్తుల బిల్డింగు కట్టాం. రెండేళ్ళు అందులోనే కాపురం, సెల్లారులో తడకలు కట్టుకుని. వానొస్తే మూడో అంతస్తుకి మారేవాళ్ళం. మా చిన్నోడు నడక నేర్చింది ఆ మూడో అంతస్తు హాల్లోనే. పనయ్యాక ఆర్నెల్లకి, రావాల్సిన డబ్బుల కోసం పోయా. గేటు దగ్గర పుస్తకంలో పేరు, నంబరు, ఎవర్ని కలవాలి, అన్నీ రాయించారు. లిఫ్టు వద్దు, మెట్ల మీద పొమ్మన్నారు. ఆ మెట్లు పోసింది నేనే. రెండో అంతస్తు దగ్గర తొమ్మిదో మెట్టు అర అంగుళం ఎత్తెక్కువ, ఆ రోజు చెక్క జారింది. ఎక్కేవాళ్ళందరికీ కాలు తడుతుంది. నాకు తెలుసు కాబట్టి చూసుకుని ఎక్కా. పైనుంచి దిగే ఒకామె తట్టుకుని తూలింది. ‘అమ్మా జాగ్రత్త’ అన్నా. ఎవరీయన అన్నట్టు చూసింది.

డబ్బులు సగమే ఇచ్చారు.

కావలి_కెరటం
దీనికి నా దగ్గర జోకు లేదన్నా.

నాంపల్లి_అల్లుడు
మేస్త్రీ సాబ్, మా వాచ్‌మన్ పేరు నాకు ఇన్నేండ్లల్ల తెల్వదు. అందరం ‘తమ్మీ’ అంటం. ఇయ్యాల అడుగుత.

చీమకుర్తి_నల్లరాయి
నేను రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. మాది గెలాక్సీ గ్రానైట్ ఊరు. క్వారీల్లోకి, ఫ్యాక్టరీల్లోకి ఒడిశా, బీహారు, రాజస్థాన్ నుంచి జనం వస్తారు. కిరాణా కొట్టువాడికి హిందీ రాకపోతే బేరం లేదు ఇప్పుడు. మా ఇంటి వెనక నాలుగు రేకుల గదులేసి అద్దెకిచ్చా. గదికి ఆరుగురుంటారు. అద్దె గదికింత కాదు, మనిషికింత. ఈ మాట ఇక్కడ చదువుతుంటే తెలిసింది, నేనూ ఆ బ్యాంకాయన పార్టీనే.

వాళ్ళ ఆవనూనె వాసన పడక మా ఆవిడ పెరటి కిటికీ మూసేయించింది. (బుచ్చి బంగారం గారి నెత్తళ్ళ కథ ఆమెకి చదివి వినిపించా. ‘నెత్తళ్ళు, ఆవనూనె ఒకటేనా’ అంది.) ఊళ్ళో ఏం పోయినా జనం ముందు చూసేది ఆ గదుల వైపే. పోయినేడు నా మోటారు వైరు పోయింది. నేనే పోయి వాళ్ళ సంచులు తీయించి చూశా. పండక్కి ఊరెళ్ళడానికి సర్దుకున్న సంచులు. ఒకడి సంచిలో కూతురికి కొన్న గౌను, ఒక బొమ్మ. వైరు దొరికింది. మా బావమరిది కొట్టంలో.

గూడూరు_టీచరమ్మ
వాళ్ళకి చెప్పారా, దొరికిందని?

చీమకుర్తి_నల్లరాయి
అప్పటికే రైలెక్కేశారు. తిరిగొచ్చాక ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. ఆ సంచి అతను మాత్రం మళ్ళీ రాలేదు.

బుచ్చి_బంగారం
మనిషికింత, ఫ్లాటుకింత అంటుంటే నాకో అనుమానం వచ్చింది. నిమ్మచెట్టు అన్నా, మీ ఇంట్లో ఎంతమంది? ఆ పెద్దాయన ఇంట్లో ఎంతమంది?

రాపూరు_నిమ్మచెట్టు
మేం ఐదుగురం, అత్తామామలతో కలిపి. వాళ్ళు ఇద్దరే.

బుచ్చి_బంగారం
అదీ సంగతి! ఫ్లాటుకింత అంటే ఆ ముసలాళ్ళిద్దరూ మీ ఐదుగురి స్నానాలకి డబ్బు కడతారు. ఆయన అన్న మాట తప్పే, కాదనను. కానీ మీరు ఈ ఫ్లాటుకింత సంగతి మొదట్లో ఒక్క వాక్యంలో దాటేశారు చూడండి, అక్కడ పట్టుకున్నా.

రాపూరు_నిమ్మచెట్టు
మా ఆవిడ కూడా ఇదే అంది. నువ్వు ఆమెతో మాట్లాడలేదు కదా?

మద్రాసు_మూడోతరం
నా అనుభవం కూడా ఇంతే. ‘వెలియూర్’ అనే మాట మామూలు రోజుల్లో ఎవరూ వాడరు. లారీ ఆలస్యమైనప్పుడు, పార్కింగు దగ్గర, బడిలో సీటు దగ్గర బయటికొస్తుంది. మా నాన్న పదేళ్ళ క్రితం పక్కింటి బీహారు కుర్రాళ్ళని అనేవాడు. అంటున్నప్పుడు ఆయన తమిళంలో నెల్లూరు యాస ఉండేది, నేను నవ్వు ఆపుకునేవాణ్ణి.

సూళ్ళూరుపేట_సీజన్‌పాస్
ఇది చదివి ఇవాళ సాయంత్రం ఆ కిటికీ ఆయన్ని పేరు అడిగా. చెప్పాడు. అడిగినందుకు అనుమానంగా చూశాడు. పొన్నేరిలో దిగేటప్పుడు నా పేరు అడగలేదు.

రాపూరు_నిమ్మచెట్టు
రెండో మీటింగు నిన్న అయింది. సగం ఖర్చు ఫ్లాటుకింత, సగం మనిషికింత అని తేల్చారు. ఆ రెండో సగం మాట ఎత్తింది నేనే. చెప్పేది ముందే పాపతో తమిళంలో రాయించుకుని బట్టీ పట్టి పోయా. మధ్యలో ఒక మాట మర్చిపోతే బ్యాంకాయనే అందించారు, చిరాగ్గా. ‘వెలియూర్’ గురించి ఆయనేం అనలేదు, నేనూ అడగలేదు. నెమ్మేలి గురించి మాత్రం అడిగా. ఆయనకీ తెలియదు.

లిస్టులో మనుషుల సంఖ్య రాసేటప్పుడు మా అమ్మ వచ్చే నెల రాపూరు నుంచి వస్తుందని పాప చెప్పేసింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఎన్ని రోజులుంటుందని అడిగారు. పదిహేను అన్నా. అర మనిషి అని రాసుకున్నారు.

బుచ్చి_బంగారం
మీ అమ్మకి ఈ విషయం చెప్పకండి, అర మనిషి అంటే బస్సే ఎక్కదు.

కావలి_కెరటం
ఎక్కితే మాత్రం నెత్తళ్ళు తెమ్మను. ఆ వాసన ఫ్లాటుకింత పంచుకోవచ్చు.